బిడ్డకు ఈత ఎప్పుడు మొదలుపెట్టాలో నిర్ణయించుకోవడం ఎలా

ఏటా మార్చి సగం గడిచి ఒంటిపూట బడులు మొదలయ్యేసరికి, నల్లగొండ జిల్లాలో నేను పాఠాలు చెప్పే ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర తల్లిదండ్రులలో ఇద్దరు ముగ్గురైనా ఒకే మాట అడుగుతారు: "మా చిన్నోనికి ఐదు నిండినయి సార్, ఈ ఎండకాలం ఈత నేర్పియ్యొచ్చునా, ఇంకో ఏడు ఆగాల్నా?" ఆ ప్రశ్నకు ఒక వయసు చెప్పి పంపించడం సులువే గాని, ఆ జవాబు సగమే అవుతుంది. బిడ్డ రోజూ ఏ నీటి పక్క నుంచి నడుస్తున్నది, ఆ నీటి దగ్గరికి పెద్దలు తోడు లేకుండా ఎప్పటి నుంచి పోవడం మొదలుపెడుతుంది అన్న లెక్క తేలితేనే ఈత ఎప్పుడు మొదలుకావాలో తేలుతుంది. వరుసగా ఏమేమి చూసుకోవాలో కింద రాస్తున్నాను. మొదటి పనికి ఒక పూట చాలు, మూడో పనికి పది రోజులు పడుతుంది, కాబట్టి ఫిబ్రవరి చివరలోనే మొదలుపెడితే వేసవి చేజారదు.

మొదటి పని: చుట్టూ ఉన్న నీటిని లెక్కపెట్టండి

ఒక ఆదివారం పొద్దున బిడ్డ చేయి పట్టుకొని, బిడ్డ ఎటు నడిపిస్తే అటు నడవండి. పెద్దల కంటికి ఆనని నీళ్లు పిల్లల కంటికి ఆనుతాయి. వాకిట్లో రేకు మూత కప్పిన సంపు, పశువుల కొట్టం దగ్గర కుడితి గోలెం, స్నానాల గదిలో రాత్రి నింపి పెట్టిన బకెట్, ఇల్లు కట్టుకుంటున్న పక్కవాళ్లు గోడలు తడపడానికి కట్టుకున్న తొట్టి, వీటిని ముందు రాసుకోండి. ఏడాది, రెండేళ్ల బిడ్డ తల బరువుకు ముందుకు తూలి బకెట్లో పడితే మళ్లీ లేవలేదు; జానెడు నీళ్లు కూడా ప్రాణం తీయడానికి చాలు. మూడు వైపుల తుప్పు తిన్న సంపు మూతను "రేపు సరిచేద్దాం" అనుకుంటూ నెలలు గడిపే ఇళ్లను నేను చాలా చూశాను. ఆ మూత ఆ రోజే సరిచేయండి.

తరువాత ఊరి నీళ్లు. మన జిల్లాల పొలాల్లో గోడ కట్టని బావులు నేలకు సమానంగా నోరు తెరిచి ఉంటాయి, గట్టు మీద గడ్డి పెరిగితే దగ్గరికి పోయేవరకు కనిపించవు. బత్తాయి తోటల్లో నీరు నిలవ చేసుకోవడానికి నల్ల ప్లాస్టిక్ పరిచి తవ్వుకున్న గుంతలు ఇంకా ప్రమాదం, ఎందుకంటే ఆ ప్లాస్టిక్ మీద పెద్దవాళ్ల కాలు కూడా నిలవదు, పట్టుకోవడానికి గడ్డిపోచ ఉండదు. మొరం తవ్విన గుంతలు, ఇటుక బట్టీల పక్క గుంతలు మొదటి వానకే నిండుతాయి. చెరువు తెలిసిందే కదా అనుకోకండి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి చెరువుల్లో పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తోలారు. అది మంచి పనే, కాని మన చిన్నప్పుడు మోకాలి లోతు ఉన్నచోట ఇప్పుడు ఒక్క అడుగు తేడాతో నిలువు లోతు ఉండవచ్చు. తాతకు తెలిసిన చెరువు మనుమనికి తెలిసిన చెరువు కాదు.

కాలువల సంగతి కొంచెం విడిగా చెప్పాలి. నాగార్జునసాగర్ ఎడమ కాలువలోకి 1967లో నీళ్లు వదిలారు గనుక మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు కుటుంబాలకు కాలువ ప్రవాహం తరాల నాటి పరిచయం. పాలమూరు వైపు చాలా ఊళ్లలో అట్లా కాదు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు ఊరి పక్కకు వచ్చింది మొన్నమొన్ననే. బోర్లు వచ్చి మోట బావులు ఎండిపోయాక, వాటిలో దూకి ఈత నేర్చుకునే అలవాటు ఒక తరం పాటు తెగిపోయింది. ఈత రాని తల్లిదండ్రుల పిల్లల ముందుకు ఇప్పుడు నిండు కాలువ వచ్చి నిలిచింది. మీ కుటుంబం అటువంటిదైతే, మాకు రాకున్నా ఏమీ కాలేదు కదా అనే మాట మీ పిల్లలకు వర్తించదు.

ఇవన్నీ ఒక కాగితం మీద రాసి, ప్రతి దాని ఎదుట మూడు మాటలు చేర్చండి: ఇంటి నుంచి ఎంత దూరం, లోతు మోకాలి దాకానా, మొల దాకానా, నిలువు దాకానా, బిడ్డ దాని పక్క నుంచి ఒంటరిగా ఎప్పుడైనా పోతుందా. మూత వేయగలిగిన వాటికి మూత, కంచె కట్టగలిగిన వాటికి కంచె కట్టేయండి. మిగిలిన వాటిలో బిడ్డ ఒంటరిగా దాటే నీరు ఒక్కటి ఉన్నా, ఈత విషయంలో మీకు ఆగే వీలు లేదని అర్థం.

రెండో పని: వయసును సరిగ్గా అర్థం చేసుకోండి

ఏడాది లోపు పిల్లలకు ఈత పాఠాలు చెప్పించడం వల్ల మునిగే ప్రమాదం తగ్గుతుందనడానికి ఆధారం లేదు. ఎత్తుకొని నీళ్లలో ఆడించడం మంచిదే, అది ఆటవరకే. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల వైద్యుల సంఘం, చాలామంది పిల్లలకు ఏడాది నిండాక నీటి పాఠాలు మొదలుపెట్టవచ్చని, నాలుగేళ్లకు దాదాపు అందరు పిల్లలూ నేర్చుకోవడానికి సిద్ధమవుతారని చెబుతుంది. ఈత నేర్చిన బిడ్డను కూడా నీటి దగ్గర ఒంటరిగా విడవకూడదని అదే సంఘం గట్టిగా చెబుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చూపించే దారి మరింత మన పల్లెలకు దగ్గరగా ఉంటుంది: బడికి ముందు వయసు పిల్లలను నీటికి దూరంగా, పెద్దల కంటి ముందు ఉంచే చోటు చూపాలి, ఆరేళ్లు దాటిన బడి పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు, తాము ప్రమాదంలో పడకుండా ఎదుటివారిని కాపాడే పద్ధతి నేర్పాలి.

ఈ రెండింటిని మన ఊళ్లకు అన్వయిస్తే నాకు తోచేది ఇది. నాలుగేళ్ల లోపు పిల్లల విషయంలో ఈత గురించి తాపత్రయపడకండి. ఆ వయసుకు తగిన వెచ్చని, మొల లోతులేని కొలనులు మన జిల్లాల్లో దొరకడం కష్టం, పైగా తల్లో తండ్రో ప్రతి పాఠంలోనూ నీళ్లలోనే ఉండాలి. ఆ డబ్బుతో సంపుకు గట్టి మూత చేయించండి, పత్తి ఏరడానికో నాట్లకో పోయేటప్పుడు బిడ్డను గట్టు మీద చెట్టు కింద పడుకోబెట్టకుండా అంగన్‌వాడీలో విడిచి పోండి. తల్లి వంగి నాటు వేస్తున్నప్పుడు వెనుక ఏమి జరుగుతున్నదో ఆమెకు కనిపించదు. పనిలో ఉన్న మనిషిని కాపలా మనిషిగా లెక్కించకూడదు.

కాలువకో చెరువుకో ఆనుకొని ఇల్లున్నవాళ్లు నాలుగు నిండిన తరువాత వచ్చే వేసవిలో మొదలుపెట్టవచ్చు. మిగిలినవాళ్లకు ఐదు నిండిన తరువాతి వేసవి తగిన కాలం, ఎందుకంటే చేతులు, కాళ్లు, ఊపిరి మూడింటిని ఒక లయలో నడపడం ఐదారేళ్లకు గాని బాగా కుదరదు. అంతకు ముందు మొదలుపెట్టిన బిడ్డ ఆరు నెలల్లో నేర్చినదాన్ని ఆరేళ్ల బిడ్డ ఆరు వారాల్లో అందుకోవడం నేను కళ్లారా చూశాను. అయితే ఆగడానికి ఒక హద్దుండాలి. మన పల్లెల్లో మూడో తరగతి, నాలుగో తరగతికి వచ్చేసరికి పిల్లలు స్నేహితులతో కలిసి అడగకుండానే బయటికి పోతారు. ఒంటిపూట బడి పన్నెండున్నరకు విడిచాక, ఇంట్లో అందరూ ఎండకు కునుకు తీసే వేళ, బావి దారి పట్టేది ఆ వయసువాళ్లే. ఎనిమిదో ఏడు వచ్చే లోపు బిడ్డకు నీటిలో తేలడం వచ్చి తీరాలి. ఇప్పటికే పదీ పన్నెండేళ్లు వచ్చి ఉంటే, ఈ రెండో పనిని విడిచిపెట్టి ఈ వేసవిలోనే చేర్పించండి.

ఆడపిల్లలకూ ఇదే లెక్క. ఈత నేర్పాల్సిన జాబితాలో కొడుకు పేరు మాత్రమే రాసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. చెరువు గట్టు మీద బట్టలు ఉతికేది, సద్దుల బతుకమ్మ నాడు పొద్దు గూకాక చెరువులో దిగి బతుకమ్మను సాగనంపేది ఆడవాళ్లే. తడిసిన చీర, లంగా ఎంత బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటాయో తెలిసినవాళ్లు, నిజానికి కూతురి పేరే ముందు రాయాలి.

మూడో పని: బిడ్డ సిద్ధంగా ఉన్నదో లేదో ఇంట్లోనే చూడండి

పది రోజుల పాటు స్నానం వేళ ఒక స్టీలు బేసిన్ నిండా గోరువెచ్చని నీళ్లు పెట్టి బిడ్డ ముందు కూర్చోండి. మా పాపకు ఐదు నిండినప్పుడు నేను ఇట్లాగే కూర్చున్నాను. మొదటి రోజు రెండు చేతులతో బేసిన్ అంచు పట్టుకొని, గదుమ మాత్రం నీటికి ఆనించి, వెంటనే తల ఎత్తి నా ముఖం చూసింది, నేను నవ్వుతున్నానేమోనని. "కండ్లు మండుతయా నాయినా?" అని అడిగింది. మండవని చెప్పకుండా నేనే ముఖం ముంచి, నీటిలో కళ్లు తెరిచి, లేచి చూపించాను. మూడో రోజుకు ముక్కు మునిగింది. నాలుగో రోజు పెదవులు బిగించి ఊదితే బుడగలు రావని, వదులుగా పెట్టి ఊదాలని తానే కనిపెట్టింది. ఏడో రోజు బేసిన్ అడుగున వేసిన రూపాయి బిళ్లను కళ్లు తెరిచి ఏరి తీసింది, తీసిన బిళ్లను రోజంతా గుప్పిట్లోనే పట్టుకొని తిరిగింది.

ఈ పది రోజుల్లో మీరు చూడాల్సినవి ఇవి. నెత్తి మీద చెంబెడు నీళ్లు పోస్తే ఊపిరి బిగపట్టుకొని ఓర్చుకుంటుందా, గుక్క తిప్పుకోలేక ఏడుస్తుందా? ముఖం ముంచి నోటితో గాలి వదలగలుగుతుందా? మనసులో ఐదు లెక్కించే దాకా ఊపిరి ఆపగలుగుతుందా? వీటికంటే ముఖ్యమైనది చెప్పిన మాట వినడం. "అంచు పట్టుకో, నేను చెప్పేదాకా విడువకు" అన్న రెండు మాటల ఆజ్ఞను గుర్తుపెట్టుకొని పాటించగలిగితే, "ఆగు" అన్నప్పుడు ఆట మధ్యలోనైనా ఆగగలిగితే, తల్లి కొంగు విడిచి కొత్త మనిషి దగ్గర అరగంట ఉండగలిగితే, ఆ బిడ్డ సిద్ధమే. మాట వినే అలవాటు రాని బిడ్డ ఎంత చురుకైనదైనా పదిమంది పిల్లల మధ్య నీటిలో దింపడం క్షేమం కాదు.

నీటిని చూసి భయపడే బిడ్డను గద్దించకండి. ముంచి భయం పోగొడతామనే పెద్దల మాట వినకండి. భయపడే బిడ్డ నీటికి దూరంగా ఉంటుంది గనుక మీకు ఇంకో నాలుగు నెలల సమయం ఉన్నట్టే, బేసిన్ దగ్గరే మరికొన్ని రోజులు గడపండి. అసలు జాగ్రత్త పడాల్సింది భయమే తెలియని బిడ్డ విషయంలో. నీరు కనిపిస్తే చేయి విడిపించుకొని పరుగెత్తే బిడ్డకు పాఠాలు త్వరగా మొదలుకావాలి, పాఠాలు సాగినంత కాలం ఒక పెద్ద మనిషి చేయి చాచితే అందేంత దగ్గరగా ఉండాలి.

నాలుగో పని: డాక్టరుతో ఒక మాట

మూర్ఛలు వచ్చే బిడ్డను, గుండె జబ్బు ఉన్న బిడ్డను, తరచూ ఆయాసపడే బిడ్డను, చెవి నుంచి చీము కారే బిడ్డను డాక్టరుకు చూపించకుండా నీటిలో దింపకండి. మూర్ఛల చరిత్ర ఉన్నంత మాత్రాన ఈత వద్దని కాదు, ఆ బిడ్డకు ప్రత్యేకంగా ఒక మనిషి పక్కన ఉండాలి. విరేచనాలు అవుతున్నప్పుడు పంపితే మిగిలిన పిల్లలకు కూడా అంటుతుంది, పూర్తిగా తగ్గేదాకా మానిపించండి.

ఐదో పని: నెల, పూట ఎంచుకోండి

ఏప్రిల్ చివర బడులు మూసేసరికి జిల్లా కేంద్రాల్లోని కొలనులు పిల్లలతో కిక్కిరిసిపోతాయి, నేర్పేవాడి కన్ను అందరి మీదా నిలవదు. మార్చి రెండో వారం నుంచే చేర్పించగలిగితే గుంపు తక్కువ, ఎండ తీవ్రత తక్కువ. పొద్దున ఆరు నుంచి ఎనిమిదిన్నర మధ్య, లేదా సాయంత్రం ఐదు దాటాక పంపండి. నడి ఎండలో నీళ్లు చల్లగా తోచినా వడదెబ్బ తగులుతుంది, నీటిలో చెమట పట్టింది తెలియక దాహం కూడా తెలియదు. మరీ పొద్దున నీళ్లు చల్లగా ఉంటే చిన్నపిల్లల ఒళ్లు త్వరగా చల్లబడుతుంది. పెదవులు నీలి రంగుకు తిరిగినా, దవడ వణికినా వెంటనే బయటికి తీసి తుడవాలి. ఐదారేళ్లవాళ్లకు ఒక పూట ముప్పై నలభై నిమిషాలు చాలు. తిన్న వెంటనే వద్దు, పరగడుపునా వద్దు, గంట ముందు ఒక అరటిపండో ఇడ్లీయో పెట్టండి.

ఆరో పని: ఎక్కడ, ఎవరి దగ్గర

కొలనుకు పోతే డబ్బు కట్టే ముందు ఒక పూట మొత్తం గట్టు మీద కూర్చొని చూడండి. లోతు వైపు అడుగున పలకల గీతలు స్పష్టంగా కనిపించాలి; కనిపించకపోతే ఆ నీటిలో మునిగిన బిడ్డ కూడా కనిపించదు. క్లోరిన్ ఎంత ఉన్నదో రోజూ చూసి రాస్తారా అని అడగండి. అది పది లక్షల భాగాలకు ఒకటి నుంచి మూడు భాగాల మధ్య, నీటి పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉంటే మంచిది. గట్టు మీద లోతు అంకెలు రాసి ఉన్నాయా, తాడు కట్టిన రింగు, పొడవాటి కర్ర చేతికందేలా ఉన్నాయా, అడుగున నీరు పీల్చే గొట్టానికి జాలీ ఉన్నదా చూడండి. పాఠం చెప్పే మనిషి కాకుండా కేవలం కాపు కాసే మనిషి ఇంకొకరు ఉండాలి. కొత్తగా దిగే చిన్నపిల్లలు ఒక గురువు దగ్గర ఐదారుగురికి మించితే ఆ పూట మానుకోండి.

అన్నిటికంటే గురువు చేతులను గమనించండి. మా బంధువుల అబ్బాయిని జిల్లా కేంద్రంలో ఒక కొలనుకు పంపినప్పుడు, మూడో రోజే నేర్పేవాడు భయం పోతుందని వాణ్ణి ఎత్తి లోతు వైపు విసిరాడు. వాణ్ణి వెంటనే బయటికి తీశారు, ఒంటికి ఏమీ కాలేదు. కాని తరువాతి రెండు వేసవులు వాడు ఇంటి ముందు నల్లా దగ్గర కూడా నెత్తి తడపనివ్వలేదు. వాళ్ల నాన్న గట్టు మీదే ఉండి, గురువు గదా అని అడ్డుచెప్పలేకపోయాడు. మీరు అడ్డుచెప్పండి. మంచి గురువు మొదటి వారమంతా ఊపిరి వదలడం, వెల్లకిలా తేలడం మీదే గడుపుతాడు. మొదటి రోజే చేతులు ఆడించమని చెప్పేవాడి దగ్గర తొందర ఎక్కువ.

కొలను దూరమై బావి తప్ప వేరే దారి లేకుంటే, బావిలో నేర్పడం తప్పేమీ కాదు. మనలో చాలామంది అట్లాగే నేర్చుకున్నాం. కాని బావికి తక్కువ లోతు వైపు అనేది ఉండదు. చివరి మెట్టు దాటితే నిలువు లోతే. అందుకని కొన్ని నియమాలు ఎవరు నవ్వినా సడలించకండి. మెట్లున్న బావే ఎంచుకోండి. మోటారు స్విచ్ ఆపడంతో సరిపెట్టక స్టార్టర్ దగ్గర ఫ్యూజులు కూడా తీసి జేబులో వేసుకోండి, వైరు దెబ్బతిని నీళ్లకు కరెంటు వచ్చే ప్రమాదం ఉంటుంది. ఈత బాగా వచ్చిన పెద్దలు ఇద్దరుండాలి, ఒకరు నీటిలో, ఒకరు మెట్ల మీద. గట్టున ఒక తాడు చెట్టుకు కట్టి కొన నీటిలో విడవండి. పైనుంచి దుముకడం ఆ ఏడు పూర్తిగా మానిపించండి, ఎండకాలం నీరు దిగిన బావిలో బండలు ఎంత పైకి వచ్చాయో కనిపించదు.

నీటిలో తేలడానికి ఒంటికి కట్టే తేలిక ముక్కలను, అంటే బెండ్లను, కట్టడం కూడా చూసుకొని చేయాలి. మా బాపు నాకు ఆరు బెండ్లతో మొదలుపెట్టాడు. రెండు చంకల కిందుగా, వీపు మీదికి వచ్చేటట్టు కట్టి, ముడికి ఒంటికి మధ్య రెండు వేళ్లు దూర్చి చూసి, తాడు పట్టుకొని రెండుసార్లు పైకి లాగేవాడు. జారితే మళ్లీ కట్టేవాడు. నడుముకు జారిన బెండు నడుమును పైకి తేలుస్తుంది, తలను నీటిలోకి తోస్తుంది, అంటే ఏమీ లేనిదానికంటే ప్రమాదం. మూడు నాలుగు రోజులకు ఒక బెండు చొప్పున తీసేస్తూ, చివరి బెండు తీసిన రోజు నాకు చెప్పలేదు. ఒడ్డుకు వచ్చి వీపు తడుముకున్నాక గాని నాకు తెలియలేదు. ఇప్పుడు బెండ్లు, ఎండిన సొరకాయ బుర్రల స్థానంలో ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బాలు, ట్యూబులు వచ్చాయి. డబ్బా మూత నీళ్లు చొరకుండా బిగించి ఉన్నదా, ట్యూబు గాలి నిలుస్తున్నదా ప్రతి పూటా చూడండి. ఇవి నేర్చుకోవడానికి సాయం మాత్రమే, ప్రాణరక్షణకు కావు. చేతులకు తొడిగే గాలి తిత్తులు చిన్న చేతుల నుంచి ఇట్టే ఊడిపోతాయి.

కాలువలో, కృష్ణలో, జూరాల, కోయిల్‌సాగర్ వంటి ప్రాజెక్టు నీటిలో మాత్రం ఎవరికీ ఈత నేర్పకండి. సిమెంటు వేసిన కాలువ వాలు మీద పాచి పట్టి ఉంటుంది, ఈత వచ్చినవాడు కూడా ఎక్కి బయటికి రాలేడు, ప్రవాహం తూముల కిందికి, వంతెనల కిందికి లాగుతుంది. గేట్లు ఎత్తితే కింద నీరు నిమిషాల్లో పెరుగుతుంది.

ఏడో పని: నేర్చింది చాలునా అని పరీక్షించండి

నెల రోజుల పాఠాల తరువాత "మావోనికి ఈత వచ్చింది" అని చెప్పేముందు, గురువును నీటిలో నిలబెట్టి ఒక పరీక్ష పెట్టండి. నిలువు లోతు నీటిలోకి దిగి పూర్తిగా మునిగి పైకి రావాలి. వచ్చాక ఒక నిమిషం పాటు ఎక్కడికీ పోకుండా తేలాలి. ఉన్నచోటే చుట్టూ తిరిగి ఒడ్డు ఎటున్నదో చూసుకోవాలి. దాదాపు ఇరవై ఐదు మీటర్లు ఈదాలి. చివరికి నిచ్చెన పట్టుకోకుండా గట్టు ఎక్కాలి. ఈ ఐదూ ఒకే ఊపులో చేయగలిగితేనే బిడ్డకు ఈత వచ్చినట్టు లెక్క. చాలామంది పిల్లలు ఈదగలరు గాని నిమిషం పాటు నిలకడగా తేలలేరు, వాళ్లకు వెల్లకిలా తేలడం ఇంకా రాలేదన్నమాట. ఆ ఒక్కటి వచ్చేదాకా మాన్పించకండి, అలసిన మనిషిని కాపాడేది అదే. ఈత దుస్తులతో గెలిచాక, మరో రోజు ప్యాంటు చొక్కాతో, లేదా చుడీదార్‌తో అదే పరీక్ష పెట్టండి. బిడ్డ అనుకోకుండా పడేది ఆ బట్టలతోనే. ఒక వేసవిలో కుదరకపోతే రెండో వేసవి పంపండి, అందులో చిన్నతనం ఏమీ లేదు.

ఎనిమిదో పని: ఈతతో పాటే నేర్పాల్సినవి

ఈత వచ్చిన పిల్లలకు వచ్చే కొత్త ప్రమాదం, మునుగుతున్న స్నేహితుని కోసం దూకడం. మునిగేవాడు దొరికిన మెడను గట్టిగా పట్టుకుంటాడు, ఇద్దరూ పోతారు, వాళ్లకోసం దూకిన మూడోవాడూ పోతాడు. ఈ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పండి. దూకకుండా అరవాలని, తాడో, తువ్వాలో, పొడవైన కర్రో, ఖాళీ నీళ్ల క్యానో విసరాలని, గట్టు మీద బోర్లా పడుకొని లాగాలని చేసి చూపించండి. మునిగేవాడు సినిమాల్లో లాగా కేకలు వేయడు. నోరు నీటి మట్టం దగ్గర ఉండగా ఊపిరికే అవకాశం చాలదు. చప్పుడు లేకుండా, తల వెనక్కి వాల్చి, మెట్లెక్కుతున్నట్టు చేతులు ఆడిస్తుంటే అది ఆట కాదని పిల్లలకు తెలియాలి.

బయటికి తీసిన మనిషిని తలకిందులుగా పట్టుకొని తిప్పడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం మన దగ్గర ఇంకా చేస్తారు. దానివల్ల విలువైన నిమిషాలు పోతాయి, కక్కిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఊపిరి ఆడకపోతే చదును నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి, తల వెనక్కి వంచి, ముక్కు మూసి నోటితో ఊపిరి ఊదాలి, తరువాత రొమ్ము నడుమ ముప్పైసార్లు గట్టిగా వేగంగా నొక్కి మళ్లీ రెండుసార్లు ఊదాలి, 108 వాహనం వచ్చేదాకా ఆపకూడదు. మెదడుకు గాలి అందకపోతే నాలుగైదు నిమిషాల్లోనే దెబ్బతినడం మొదలవుతుంది, మన పల్లెలకు అంబులెన్సు అంతలోపల చేరలేదు. ఇది చదివి నేర్చుకునేది కాదు గనుక మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, 108 సిబ్బందినో అడిగి ఒకసారి చేతులతో చేసి నేర్చుకోండి.

మీకు ఈత రాకపోతే, బిడ్డతో పాటు మీరూ చేరండి. ముప్పై ఐదేళ్ల తల్లి నెల రోజుల్లో తేలడం నేర్చుకోగలదు, చాలా కొలనులలో ఆడవాళ్లకు విడిగా ఒక వేళ ఉంటుంది, లేకపోతే నలుగురు కలిసి అడిగితే పెడతారు. కృష్ణా పుష్కరాలు 2028లో వస్తున్నాయి. వాడపల్లి, మట్టపల్లి, బీచుపల్లి, సోమశిల ఘాట్లలో బిడ్డను చంకన పెట్టుకొని దిగేది మీరే. నేర్చిన పిల్లలకు కూడా ఏడాదిలో ఒళ్లు పెరుగుతుంది, అలవాటు తప్పుతుంది. కాబట్టి వచ్చే మార్చిలో ఒంటిపూట బడి మొదలైన మొదటి ఆదివారమే వాళ్లను మళ్లీ కొలనుకు తీసుకుపోయి ఆ ఐదు పరీక్షలు పెట్టండి; వాటిలో ఏది తప్పినా, ఆ వేసవికి బావి దారి మూసివేసినట్టేనని అక్కడే, గట్టు మీదే చెప్పండి.